హనోయ్‌లో ఒక శనివారం

అక్టోబరు, శనివారం రాత్రి

వియత్నాం రాజధాని హనోయ్‌లో మంచి తిండి కొట్టును గుర్తుపట్టడం ఎలా అని ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా ఆఫీసు స్నేహితురాలిని అడిగితే, "మెనూ కార్డు చేతిలో పెడితే లేచి వచ్చెయ్" అంది. ఆ మాట ఎంత నిజమో ఈరోజు బాగా తెలిసొచ్చింది. ఇక్కడి పాత తిండి కొట్లలో చాలావాటిలో కొట్టుకి ఒకటే వంటకం. బోర్డు మీద ఆ వంటకం పేరు, పక్కన ఇంటి నంబరో యజమాని పేరో ఉంటాయి. ఏం కావాలో చెప్పక్కర్లేదు, ఎంతమందో చెబితే చాలు. పైగా ప్రతి వంటకానికీ ఒక వేళ ఉంటుంది. ఆ వేళ దాటితే కొట్టు కట్టేసి వెళ్ళిపోతారు. అందుకే ఈరోజు తిరుగుడంతా తననీ, వాళ్ళన్నయ్యనీ నమ్ముకునే చేశాను. ఇద్దరూ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు.

పొద్దున్న ఏడింటికల్లా ఫో, అంటే మాంసం పులుసులో వేసిన బియ్యపు నూడుల్స్, అమ్మే కొట్టులో ఉన్నాం. వీధి మలుపులోనే వాసన తగిలింది. గొడ్డుమాంసం ఎముకల్ని రాత్రంతా సన్నసెగ మీద మరిగిస్తారు. అందులో నిప్పుల మీద కాల్చిన అల్లం, ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క, నల్ల యాలకులు. వాకిట్లోనే వంట కాబట్టి నేను కావాలనే వండే పెద్దావిడకు ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. బియ్యపు నూడుల్స్‌ని చిల్లుల గిన్నెలో వేసి మరిగే నీళ్ళలో ఒక్క మునక ముంచి, విదిలించి, కప్పులో వేస్తుంది. పచ్చి మాంసం ముక్కని పీట మీద పెట్టి కత్తి పక్కవాటుగా ఒక్క దెబ్బ కొడితే అది కాగితంలా పరుచుకుంటుంది. దాన్ని నూడుల్స్ మీద వేసి, ఉల్లికాడలు చల్లి, పైనుంచి సలసల కాగే పులుసు పోస్తుంది. ఎర్రగా ఉన్న మాంసం మన కళ్ళముందే రంగు మారుతుంది. ఇదంతా అయ్యేసరికి అర నిమిషం పట్టదు. ఈ చెయ్యి ఎన్నేళ్ళుగా ఈ ఒక్క పనే చేస్తోందో అనుకుంటూ చూస్తూ ఉండిపోయాను.

దక్షిణాన సైగాన్‌లో అయితే ఫోతో పాటు ఒక పళ్ళెం నిండా ఆకులూ మొలకలూ ఇస్తారు. ఇక్కడ అవేవీ లేవు. వెల్లుల్లి వేసిన వెనిగర్, మిరపకాయ ముక్కలు, ముంచుకు తినడానికి నూనెలో వేయించిన పిండి కడ్డీలు, అంతే. "పులుసు బాగుంటే ఇంకేం కావాలి?" అన్నారు వాళ్ళన్నయ్య. కప్పు ఎత్తి చివరి చుక్క దాకా తాగాను కాబట్టి వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు.

తర్వాత పాతబస్తీలో తిరిగాం. వీధుల పేర్లన్నీ ఒకప్పుడు అక్కడ అమ్మిన సరుకుల పేర్లే. హాంగ్ బాక్ అంటే వెండి వీధి, హాంగ్ మా అంటే పితృదేవతలకు కాల్చే కాగితపు వస్తువుల వీధి. చాలా వీధుల్లో సరుకు మారిపోయింది కానీ, రేకు పని చేసే హాంగ్ థియెక్‌లో మాత్రం ఇప్పటికీ సుత్తి మోత చెవులు గింగురుమనేలా ఉంది. రోడ్డు దాటడమే మొదట్లో నాకు టెన్షన్. ఆగకు, పరిగెత్తకు, ఒకే వేగంతో నడువు, బండ్లే నిన్ను తప్పించుకుని పోతాయి అని చెప్పింది తను. నిజంగానే తప్పించుకుని పోతున్నాయి.

గుడ్డు కాఫీ తాగాం. నువెన్ హూ హ్వాన్ వీధిలో ఇరుకు సందులోంచి లోపలికి వెళ్ళే ఆ కొట్టుకు మూలం 1946 నాటిది. పాలకు కరువు వచ్చిన ఆ రోజుల్లో మెట్రోపోల్ హోటల్లో పనిచేసే ఒకాయన పాల నురగకు బదులు గుడ్డు పచ్చసొన గిలక్కొట్టి కాఫీ మీద వేశాడట. చల్లారిపోకుండా కప్పుని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి ఇస్తారు. నీచువాసన వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. పైన తియ్యటి మీగడలాంటి నురగ, అడుగున చేదు కాఫీ. కలిపేయకుండా చెంచా అడుగుదాకా దించి తినడమే సరైన పద్ధతని నా అభిప్రాయం.

మధ్యాహ్నానికి బున్ చా, అంటే కాల్చిన పంది మాంసంతో తినే నూడుల్స్. ఈరోజు మొత్తంలో నా మనసు దోచింది ఇదే. 2016 మేలో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా హనోయ్‌లో బున్ చా తిన్నాక దీని పేరు దేశదేశాలకీ పాకింది. మేం ఆ కొట్టుకి వెళ్ళలేదు. వాళ్ళన్నయ్య బడికెళ్ళే రోజుల నుంచీ తింటున్న చోటికి వెళ్ళాం. కాలిబాట మీదే బొగ్గుల కుంపటి. తీగల జాలీల మధ్య పంది మాంసం బిళ్ళలూ, సన్నటి కొవ్వు ముక్కలూ బిగించి కాలుస్తున్నారు. కొవ్వు నిప్పుల మీద కారి చుయ్‌మని పొగ లేచినప్పుడల్లా ఒకబ్బాయి విసనకర్రతో రోడ్డు వైపుకి విసురుతున్నాడు. ఆ పొగ వాసనే వీధిలో వచ్చేపోయేవాళ్ళని లోపలికి లాక్కొస్తోంది.

గోరువెచ్చటి రసంలో ఆ మాంసం వేసి ఇచ్చారు. చేపల సాస్, చక్కెర, వెనిగర్, నీళ్ళు, అందులో పలచగా తరిగిన పచ్చి బొప్పాయి. పక్కన తెల్లటి సేమ్యా, ఒక గంపెడు ఆకులు. నూడుల్స్ అన్నీ ఒకేసారి వెయ్యబోతుంటే తను నా చెయ్యి పట్టుకుంది. కొద్దిగా తీసుకోవాలి, ముంచాలి, ఒక ఆకు తుంచాలి, ఒక ముక్క కలపాలి. ఇలా తింటే ప్రతి ముద్దకీ రుచి మారుతుంది. ఒకదాంట్లో పుదీనా, ఒకదాంట్లో ఊదారంగు ఆకు ఘాటు, ఇంకోదాంట్లో ఉత్త మాడు వాసన. ఫో కన్నా బున్ చానే గొప్పదని అక్కడికక్కడే ప్రకటించేశాను. అన్నయ్య ఒప్పుకోలేదు. చెల్లెలు నా వైపు నిలబడింది. ఈ వాదన సాయంత్రం దాకా నడిచింది.

ఎండ తగ్గాక లాంగ్ బియెన్ వంతెన మీద నడిచాం. ఎర్రనది మీద ఫ్రెంచివాళ్ళు కట్టిన ఈ ఉక్కు వంతెన 1902లో పూర్తయింది. 1967లోనూ, 1972లోనూ అమెరికా విమానాలు దీనిమీద బాంబులు వేశాయి. ఆ గాయాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్నిచోట్ల ఎత్తయిన పాత ఉక్కు కమ్మీలు, కొన్నిచోట్ల అవి ఉండాల్సిన చోట ఖాళీ. మధ్యలో రైలుపట్టా, రెండు పక్కలా బండ్లు. కింద నది మధ్య లంకలో అరటితోటలూ, మొక్కజొన్న చేలూ. వాళ్ళ నాయనమ్మ ఈ వంతెన మీదుగానే కూరగాయల సైకిలు తోసుకుంటూ ఊళ్ళోకి వచ్చేదని అన్నయ్య చెప్పారు. ఆ మాట చెప్పి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

చీకటి పడ్డాక హోవాన్ కియెమ్ సరస్సు దగ్గరికి చేరాం. వారాంతంలో చుట్టూ రోడ్లు మూసేస్తారు కాబట్టి బండ్ల గోల లేదు, పిల్లలు రోడ్డు మధ్యలో ఆడుకుంటున్నారు. కావడి గంపలతో కూర్చున్న ఒకావిడ దగ్గర తను కొమ్ పొట్లం కొంది. పాలు పోసుకున్న లేత బంక వడ్లని వేయించి, దంచి, చెరిగితే వచ్చే పచ్చటి గింజలివి. మన అటుకులకు చెల్లెల్లా ఉంటాయి కానీ మెత్తన. ఎక్కువగా శరత్కాలంలో దొరుకుతాయి. తామరాకులో చుట్టి గడ్డిపోచతో కట్టి ఇస్తారు. గుప్పెడు తీసుకోబోతే వద్దంది. మూడు వేళ్ళతో చిటికెడు తీసుకుని, నెమ్మదిగా నమలాలి, మధ్యమధ్యలో బాగా మగ్గిన అరటిపండు కొరకాలి. మొదట గడ్డి వాసన, ఆ తర్వాత పాల తీపి, చివర్లో తామరాకు. రేపటికి గట్టిపడిపోతాయట, అందుకని ముగ్గురం అక్కడే కూర్చుని పొట్లం ఖాళీ చేశాం.

మే చీ అనే ఊరి వైపు ఇంకా కొమ్ చేసే ఇళ్ళున్నాయనీ, సీజన్ అయిపోయేలోపు దంచడం చూపిస్తాననీ అన్నయ్య అన్నారు. ఫో సంగతి మాత్రం తేలలేదు. వచ్చే వారం ఇంకో కొట్టులో తినిపిస్తాను, అప్పుడు చెప్పు అన్నారు.