రెండేళ్లు టమాటా మానేశాను, రాయి మాత్రం మళ్లీ వచ్చింది

మే నెలలో ఒక అర్ధరాత్రి కుడి నడుములో పట్టుకున్న నొప్పి మెల్లగా గజ్జల్లోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను. అంతకుముందు ఒకసారి అనుభవించినదే కాబట్టి కిడ్నీ రాయి అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నొప్పికి మించి నన్ను కుంగదీసింది ఇంకొకటి. మొదటి రాయి పడిపోయాక రెండేళ్లపాటు నేను టమాటా ముట్టలేదు. పాలకూర, పల్లీలు, పాలు, చివరికి పెరుగు కూడా మానేశాను. అప్పట్లో ఒక క్లినిక్కులో ఇచ్చిన అచ్చు కాగితంలో అలాగే రాసి ఉంది. ఆ రాయి ఏ రకమో ఎవరూ పరీక్షించలేదు. కూరలు తగ్గిన కొద్దీ కంచంలో చికెన్, మాంసం పెరిగాయి. వాటి ఊసు ఆ కాగితంలో లేదు.

ఈసారి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. సీటీ స్కాన్‌లో మాత్రం రెండు రాళ్లు తేలాయి: మూత్రనాళంలో 4 మిల్లీమీటర్లది, కిడ్నీలో 11 మిల్లీమీటర్లది. యూరాలజిస్టు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూసి, "మీకు షుగర్ ఎన్నేళ్లుగా ఉంది?" అని అడిగారు. రాయి కోసం వెళ్తే షుగర్ సంగతి ఎందుకో నాకు అంతుపట్టలేదు. "చిన్నది దానంతటదే పడవచ్చు. పడితే పారేయకండి, వడకట్టి తీసుకురండి" అన్నారు.

నాలుగో రోజు పొద్దున పాత టీ జాలిలో దొరికింది. మినపగింజంత ఉంది, ఇటుక పొడి రంగు. వేలితో తడిమితే నున్నగా తగిలింది. కడిగి, ఆరబెట్టి, చిన్న డబ్బాలో వేసి ల్యాబుకు పంపాం. రాయిని పొడి చేసి పరారుణ కాంతితో పరీక్షిస్తారట. ఒక్కో పదార్థం ఆ కాంతిని ఒక్కో తీరుగా పీల్చుకుంటుంది కాబట్టి రాయి దేనితో తయారైందో తెలిసిపోతుంది. నాది యూరిక్ ఆమ్లం.

ఎక్కువమందిలో ఏర్పడేది కాల్షియం ఆక్సలేట్ రాయి. కొందరిలో మూత్రంలో చేరిన సూక్ష్మజీవుల వల్ల స్ట్రువైట్ రాళ్లు పెరుగుతాయి. అరుదుగా పుట్టుకతో వచ్చిన లోపం వల్ల సిస్టీన్ రాళ్లు వస్తాయి. నాలాంటి రాయి మూత్రం పుల్లబడితే పుడుతుంది. షుగర్ ఉన్నవారిలో మూత్రం అలా ఉండే అవకాశం ఎక్కువ. మామూలు ఎక్స్‌రేకు అది చిక్కదు. పులుపును చూపే పీహెచ్ అంకె (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) నా మూత్రంలో 5 ఉంది, 5.5 కన్నా తగ్గితే యూరిక్ ఆమ్లం సరిగా కరగదు. ఆ కాగితం రాసింది ఆక్సలేట్ రాయి ఉన్నవారి కోసం. అందులోనూ పెరుగు మానమనడం తప్పే. భోజనంతో తీసుకున్న కాల్షియం, పాలకూరలాంటివాటిలో ఉండే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టి బయటికి పంపేస్తుంది. ఇది విన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. రెండేళ్ల పెరుగన్నం ఎవరు తెచ్చిస్తారు?

మందు ఒకటే, మూత్రం పులుపు తగ్గించే పొటాషియం సిట్రేట్ సిరప్, నీళ్లలో కలిపి. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు కాబట్టి ముందు రక్తపరీక్ష చేశారు, మధ్యలో మళ్లీ చేశారు. రోజూ పొద్దున పీహెచ్ కాగితం ముంచి, 6.5కూ 7కూ మధ్య ఉందో లేదో రాసుకునేవాణ్ణి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాను, యూరిక్ ఆమ్లాన్ని పెంచే మాంసం బాగా తగ్గించాను. మూడు నెలల తర్వాత స్కాన్‌లో ఆ 11 మిల్లీమీటర్ల రాయి లేదు. కత్తి పెట్టకుండానే కరిగిపోయింది.

మరుసటి ఏడాది మా తమ్ముడికి నొప్పి వచ్చింది. ఒకే ఇల్లు, ఒకే బోరు నీళ్లు. "అన్నయ్యా, నీకు కరిగింది కదా, ఆ సీసా ఇలా ఇవ్వు" అన్నాడు. డాక్టరును అడగకుండా ముట్టవద్దని సీసా బీరువాలో పెట్టేశాను. లేజరుతో తీసిన అతని రాయి ముదురు గోధుమరంగులో, పల్లేరుకాయలా ముళ్లతో ఉంది. అది కాల్షియం ఆక్సలేట్, ఏ సిరప్‌కూ కరిగేది కాదు. ఉప్పు, ఊరగాయ, పాలకూర తగ్గించమన్నారు. పెరుగు మాత్రం మానవద్దని రెండుసార్లు చెప్పారు.

ఆ సాయంత్రం మా ఆవిడ టమాటా పప్పు చేసింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, చివర పెరుగన్నం కలుపుకున్నాం.