3 మిల్లీమీటర్ల గొడవ

మొన్న ఆదివారం విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ క్లినిక్ తలుపుకి ఎలక్ట్రిక్ స్ట్రైక్ (బటన్ నొక్కితే లాకు నాలుకని వదిలేలా గుమ్మం ఫ్రేములో పెట్టే కరెంటు గొళ్ళెం) బిగించాను. చెక్క గుమ్మమైతే ఉలి చాలు. ఇది రేకు మడిచిన ఇనప ఫ్రేము, లోపలంతా డొల్ల. కోత తప్పితే వెల్డింగ్ వాడిని పిలవాల్సిందే.

లాకు నాలుకకి తడి సున్నం రాసి తలుపేస్తే ఫ్రేము మీద గుర్తు పడింది. గ్రైండర్ ఆనించానో లేదో, మా కుర్రాడు "అన్నా, తలుపు కిందికి దిగినట్టు లేదేటి?" అన్నాడు. పై కీలు స్క్రూలు వదులు! బిగిస్తే తలుపు 3 మిల్లీమీటర్లు లేచింది. నా తొందరకి గుర్తుగా ఫ్రేము మీద చిన్న గీత మిగిలింది.

మళ్ళీ గుర్తు పెట్టి కోశాను. అంచులు ఆకురాయితో రాసి, రెడాక్సైడ్ పూసి, వైరు దూరే రంధ్రానికి రబ్బరు వాషర్ వేశాను. అది లేకపోతే రేకు అంచు ఇన్సులేషన్‌ని కోసేస్తుంది. స్ట్రైక్‌లోని 12 వోల్టుల డీసీ కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటుని ఒక్క వైపే పోనిచ్చేది) పెట్టాను, దాని గీత ఉన్న కాలు ప్లస్ వైపు. తిరగేస్తే షార్టే.

డాక్టరమ్మ "కరెంటు పోతే లోపల చిక్కుకుపోమా బాబూ?" అని అడిగారు. లోపలి హ్యాండిల్ తిప్పితే కరెంటుతో పని లేకుండా నాలుక వెనక్కి వస్తుందండీ, బయటి నుంచి తాళంచెవి ఉంది అన్నాను.

తీరా బటన్ నొక్కితే టక్కుమంది గానీ తలుపు రాలేదు. కొత్త రబ్బరు బీడింగ్ తలుపుని నెడుతుంటే, నాలుక స్ట్రైక్ మీద బిగుసుకుపోయింది. లాకు దగ్గర బీడింగ్ జానెడు కత్తిరించాక తెరుచుకుంది. అప్పటికి మూడైంది, భోజనం ఊసే లేదు.