ఉన్ని జెండా

ఎదురింటి పెద్దావిడ జెండా మడత విప్పి చేతికిచ్చినప్పుడు, అలవాటుకొద్దీ దాని అంచు తిప్పి చూశాను. చీరాలలో మగ్గం గుంట పక్కన పెరిగినవాడికి ఆ అలవాటు ఏ దేశం వెళ్లినా పోదు. పడుగు సన్నం, పేక కాస్త లావు. నూలు కాదు, ఉన్ని. రెండు ముక్కల్ని చేత్తో కలిపి కుట్టిన చోట నీలం తెలుపులోకి దిగి, అతుకు పొడవునా లేత బూడిదరంగు చార పడింది.

"వానల్లో రగ్బీ మైదానానికి ఎన్నిసార్లు తీసుకెళ్లామో లెక్కలేదు. మా నాన్న పనిచేసిన మిల్లు గుడ్డ ఇది. ఆ మిల్లు ఇప్పుడు లేదు" అన్నారావిడ.

అది 2017 అక్టోబరు. మాత్రల్లో మందు పాళ్లు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం మీద హైదరాబాద్ నుంచి దక్షిణ ఫ్రాన్స్‌లోని కాస్త్రకు వచ్చి నెల కాలేదు. ఊరి పేరును పారిస్ వాళ్లు చివరి అచ్చు మింగేసి పలుకుతారు. ఇక్కడివాళ్లు ఆ అచ్చును వదలరు. తరగతిలో నేర్చుకున్న ఫ్రెంచి మొదట్లో నాకు అక్కరకు రాలేదు కానీ, అజంత భాషలో పుట్టిన చెవికి ఈ యాస తొందరగానే పట్టుబడింది.

తూలూజ్‌కు తూర్పున 70 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అగూ నది ఒడ్డున 40 వేల మందికి కాస్త ఎక్కువగా ఉండే ఊరు ఇది. తూలూజ్‌లో విమానాల పరిశ్రమకు వచ్చిన తెలుగువాళ్లు కలుస్తుంటారు. ఇక్కడ నాకు అలాంటి తోడు దొరకలేదు. సాయంత్రాలు నది గట్టున నడిచేవాణ్ని. నీళ్లలోంచే లేచినట్టుండే పాత ఇళ్లు, వాటి కింద నదివైపు తెరుచుకున్న రాతి అరలు. తోళ్లు పదును చేసేవాళ్లు, నేతగాళ్లు, రంగులు అద్దేవాళ్లు ఒకప్పుడు అక్కడ పనిచేసేవారు. పర్యాటకులు పైనున్న రంగురంగుల గోడలను ఫోటోలు తీసుకుంటారు. నా చూపు మాత్రం ఆ అరల మీదే ఆగేది. అద్దకం నీళ్లకు అరిచేతులు ఏ రంగుకు తిరుగుతాయో నాకు తెలుసు.

ఇరవై కిలోమీటర్ల లోపే మజామే ఉంది. అర్జెంటీనా నుంచి, ఆస్ట్రేలియా నుంచి గొర్రె తోళ్లు తెప్పించి, వాటి నుంచి ఉన్ని వేరుచేసి అమ్మి బతికిన ఊరది. గత శతాబ్దం రెండో సగంలో ఆ ప్రాంతమంతా మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అదే కాలంలో కాస్త్రలో పియెర్ ఫాబ్ర్ అనే మందుల దుకాణదారు సొంతంగా మందుల తయారీ మొదలుపెట్టాడు. అది పెద్ద సంస్థ అయింది, ఊళ్లో చాలా కుటుంబాలకు జీతమిచ్చింది. బట్ట నుంచి మందుకు మారిన ఊరు. మా ఇంట్లోనూ మగ్గం నాన్నతో ఆగిపోయింది, నేను మందుల్లోకి వచ్చాను. ఈ సంగతి మొదటిసారి తట్టిన రోజు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

రగ్బీ క్లబ్బు 1906 నాటిది. పేరు కాస్త్ర ఒలింపిక్, రంగులు నీలం, తెలుపు. 1949లో, 1950లో ఫ్రాన్స్ విజేత. మళ్లీ గెలవడానికి 43 ఏళ్లు పట్టింది. క్లబ్బును పోషించింది కూడా ఫాబ్రే. 2013 జూన్ 1న తూలోన్ మీద 19-14తో గెలిచిన ఏడు వారాలకు ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు మైదానానికి ఆయన పేరే.

పెద్దావిడే నన్ను మొదటి ఆటకు తీసుకెళ్లారు. బంతిని ముందుకు విసరకూడదట, వెనకున్నవాడికే అందించాలట. బంతిని కాలితో తన్నకుండా ముందుకు పోవాలంటే, పట్టుకున్నవాడు తానే మనుషుల మధ్యకు దూరాలి. ఇది అర్థమయ్యాక ఆట మీద గౌరవం పెరిగింది. ఆవిడ వేలు పెట్టి చూపించిన మొదటి ఆటగాడు రోడ్రిగో కాపో ఒర్తెగా. ఉరుగ్వే నుంచి 2002లో వచ్చాడు. 2020లో ఆట విరమించేదాకా ఈ ఊరి చొక్కా వదల్లేదు. "వాడు మావాడు" అన్నారు. ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. పద్దెనిమిదేళ్లు ఒక పరాయి ఊరి కోసం ఒంటిని అరగదీసుకున్నవాణ్ని ఇంకెవరివాడు అనాలి?

ఆ ఏడు జట్టు ఫ్రాన్స్ లీగ్‌లో ఆరో స్థానంతో నాకౌట్ ఆటలకు గట్టెక్కింది. తర్వాత తూలూజ్‌ను వాళ్ల ఊళ్లోనే ఓడించి, 2018 జూన్ 2న ఫైనల్లో మోంపెలియే మీద 29-13తో గెలిచింది. ఆ రాత్రి ఊరంతా జాన్ జొరేస్ చౌకులోకి వచ్చేసింది. కార్మికుల పక్షాన నిలిచిన జొరేస్ 1859లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన విగ్రహం చుట్టూ ఎక్కడ చూసినా నీలం, తెలుపు. అన్నీ కొత్త జెండాలు, నైలాన్‌వి, గాలికి తేలిగ్గా ఎగురుతున్నాయి. మా ఉన్ని జెండా బరువుకు కిందికి వేలాడుతోంది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

ఎనిమిది నెలలుగా ఆవిడ నన్ను మీరు అనే పిలిచారు. ఈ దేశంలో పెద్దలైనా కొత్తవాళ్లను అలాగే పిలుస్తారు. ఆ రాత్రి జెండాలో ఒక కొస నావైపు చాచి, ఆ గోలలో వినబడేలా గట్టిగా అన్నారు:

"నువ్వు అటువైపు పట్టుకో."