బెర్‌ట్రాండ్ సమాధి దగ్గర

పారిస్‌లోని ఇన్వాలిడ్ అనే సైనిక స్మారక భవనంలో ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ సమాధికి దారితీసే ద్వారానికి చెరో పక్క ఇద్దరు సేనానుల సమాధులున్నాయి. ఒకటి డ్యూరోక్‌ది, రెండోది ఆన్రీ బెర్‌ట్రాండ్‌ది. జనం వాటివైపు చూడకుండానే ముందుకు సాగుతున్నారు. నేను మాత్రం రెండో దాని దగ్గర ఆగిపోయాను.

ఈయన ఇంజనీరు. 1809లో వాగ్రామ్ యుద్ధానికి ముందు సైన్యం దాటడానికి డాన్యూబ్ మీద వంతెనలు కట్టించాడు. తర్వాతి కాలంలో చక్రవర్తి ఓడిపోయి ప్రవాసానికి వెళ్లినప్పుడు ముందు ఎల్బా దీవికి, తర్వాత సెయింట్ హెలెనా దీవికి వెంట వెళ్లాడు. 1816లో ఫ్రాన్స్‌లో ఆయన లేకుండానే ఆయనకు మరణశిక్ష విధించారు. 1821లో నెపోలియన్ చనిపోయేదాకా ఆ దీవి విడిచి రాలేదు.

అందరూ ఆయన విశ్వాసాన్నే పొగుడుతారు. నా మనసు మాత్రం భార్య ఫ్యానీ మీదికి పోయింది. దీవి పేరు వినగానే ఓడలోంచి సముద్రంలోకి దూకబోయిందట! అయినా పిల్లలతో వెళ్లింది. 1817లో అక్కడే కొడుకు పుడితే, బ్రిటిష్ మంత్రి అనుమతి లేకుండా లాంగ్‌వుడ్‌లో (దీవిలో నెపోలియన్ ఉన్న ఇల్లు) అడుగుపెట్టిన మొదటి ఫ్రెంచి అతిథి వీడేనని నెపోలియన్‌తో చమత్కరించింది. అంత దిగులులోనూ ఆ హాస్యం చూడండి. భర్త రాజభక్తికి ఇల్లాలు కట్టిన సుంకాన్ని చరిత్ర ఎప్పుడూ సరిగ్గా లెక్కవేయదు.

1840లో, 67 ఏళ్ల వయసులో, చక్రవర్తి అవశేషాలను తేవడానికి బెర్‌ట్రాండ్ మళ్లీ అదే దీవికి బయలుదేరాడు. ఫ్యానీ అప్పటికే లేదు. ఉండి ఉంటే, ఈసారైనా గట్టిగా వద్దనేదేమో!