అక్కకు ముందే చెప్పాల్సిన మాట

ఇవాళ కొండ దారిలో బండి ఆగిపోయింది. సెల్‌లో ఒక్క గీత సిగ్నల్ కూడా లేదు. సంచిలో హ్యాండీ, అంటే నా చేతి హామ్ రేడియో (లైసెన్సుతో సరదాకి నడిపే రేడియో) ఉంది, దాని మాటను అందుకుని దూరానికి మళ్లీ ప్రసారం చేసే రిపీటర్ బాగానే అందుతోంది. రేడియోలోంచే ఫోన్ చేసుకునేలా మా రిపీటర్‌కు ఫోన్ లైన్ కలిపిన ఆటోప్యాచ్ ఇంకా ఉంది. సెల్‌ఫోన్లు వచ్చాక చాలాచోట్ల తీసేశారు, మావాళ్లే ఎందుకో మొండిగా ఉంచారు.

ముందు కాసేపు విన్నాను. ఇద్దరు యాంటెన్నా గురించి తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. ఒకాయన ముగించి బీప్ వచ్చాక, ఆ చిన్న ఖాళీలో నా కాల్ సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) చెప్పి, ఒక్క ఫోన్ చేసుకోవాలి, ప్యాచ్ వాడుకోవచ్చా అని అడిగాను. వెంటనే దారిచ్చారు. అడగకుండా డయల్ మీటల టోన్లు కొట్టేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.

మాట్లాడేటప్పుడు నొక్కి పట్టుకునే మీట పీటీటీ; అది పట్టుకునే ప్యాచ్ తెరిచే కోడ్ నొక్కి వదిలితే డయల్ టోన్ వినిపించింది. నంబరు నొక్కడంలో కంగారు పడితే అంతే, ఒక్కో మీటకు రెండు స్వరాలు కలిసి వెళ్తాయి కదా, హడావుడిగా కొడితే రిపీటర్ ఒక అంకె మింగేస్తుంది, ఫోన్ ఎవరింటికో పోతుంది. నెమ్మదిగా కొట్టాను.

అక్క ఎత్తింది. "అక్కా, బండి ఆగింది, గంట ఆలస్యమవుతుంది" అన్నాను. మొదట చెప్పాల్సింది అది కాదు. నేను రేడియోలో ఉన్నాను, ఊరంతా వింటుంది, ఒకరి తర్వాత ఒకరం మాట్లాడాలి అని చెప్పాలి. ఇన్నేళ్లుగా కొత్తవాళ్లకు పాఠాలు చెబుతున్న నేనే మర్చిపోయాను!

ఇంకేముంది, "సరేలే గానీ ఒరేయ్, ఉద్యోగానికి రాజీనామా రాసేశాను, ఆఫీసులో ఇంకా ఎవరికీ తెలీదు, ఆ మేనేజరున్నాడే..." అని మొదలెట్టింది. నా గుండె ఆగినంత పనైంది. గబుక్కున పీటీటీ నొక్కాను. మా రిపీటర్‌లో నేను నొక్కితే అవతలి గొంతు గాల్లోకి వెళ్లడం ఆగిపోతుంది, నా మాట మాత్రం ఆమెకు వినిపిస్తుంది. అలా నొక్కి పట్టుకునే "అక్కా, ఇది రేడియో, అందరూ వింటున్నారు, ఇంటికొచ్చాక మాట్లాడదాం" అన్నాను. వదిలాక రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత చిన్న గొంతుతో, "ఎంతమంది?"

ఎంతమందో నాకేం తెలుసు! రేడియో మాటలు పట్టే స్కానర్ ఉన్న ఎవరైనా వినొచ్చు. అందుకే ప్యాచ్‌లో గుట్టు మాటలు, బ్యాంకు నంబర్లు మాట్లాడకూడదు. వ్యాపారం మాటలైతే లైసెన్సుకే ముప్పు. అసలు హామ్ కానివాళ్లని ఇలా గాల్లోకి తేవడానికే కొన్ని దేశాల్లో ఒప్పుకోరు.

మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. మూడు నిమిషాల టైమర్ ఉంది, అది కోసేదాకా సాగదీయడం నాకు నచ్చదు. ముగింపు కోడ్ కొట్టి, కాల్ సైన్ చెప్పి, ప్యాచ్ వదిలేశాను, దారిచ్చినందుకు థ్యాంక్స్ అన్నాను. ఇద్దరిలో పెద్దాయన మెల్లగా, "మేమేం వినలేదు బాబూ, యాంటెన్నా బిగిస్తున్నాం" అన్నాడు.

ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. బండి సంగతి అడగలేదు. "ఆ వినేవాళ్లలో మా ఆఫీసు వాళ్లెవరైనా ఉంటారారా?" అంది.