అమ్మ బస్రా దండ

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా అమ్మ హ్యాండ్‌బ్యాగ్ తలకింద పెట్టుకునే పడుకుంది. అందులో డబ్బేమీ లేదు. ఒక పాత బోర్న్‌విటా డబ్బా, డబ్బాలో దూది, దూదిలో ముత్యాల దండ. 1987లో నాన్న ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు తెచ్చింది. బస్రా ముత్యాలని, అంటే గల్ఫ్ సముద్రంలో సహజంగా దొరికే ఖరీదైనవని, ఆయన చెప్పారు, మేమూ అదే మాట చెప్పుకుంటూ పెరిగాం. దారం పచ్చబడి రెండుచోట్ల చివికిపోయింది. దాన్ని మళ్లీ గుచ్చించాలి, అక్క కూతురి పెళ్లికి కొత్త వరస ఒకటి కొనాలి. రాజమండ్రిలో కొట్లు లేవా అంటే "కొన్నచోటికే తీసుకెళ్లు" అని పట్టుబట్టింది.

చిక్కడపల్లిలో పెద్దమ్మగారింట్లో స్నానాలు, ఉప్మా కానిచ్చి తొమ్మిదింటికే మెట్రో ఎక్కేశాం. అదే పొరపాటు. ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో నయాపూల్ దాటి ముత్యాల బజారు పత్తర్‌గట్టి చేరేసరికి ఒక్క షట్టరూ లేవలేదు. పాతబస్తీకి పదకొండు దాకా తెల్లవారదు. 1908 మూసీ వరదల తర్వాత నిజాం హయాంలో కట్టిన రాతి ఆర్చీల కింద, మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూర్చుని రెండేసి ఇరానీ చాయ్‌లు తాగాం. అమ్మ చార్మినార్ వైపు చూసి "ఫొటోల్లో ఇంకా పెద్దగా ఉంటుంది కదే" అంది.

మొదట తెరిచిన కొట్లో నల్లముత్యాలు చూపించి తాహితీవన్నారు, అంటే పసిఫిక్ దీవుల వైపు సముద్రంలో పుట్టేవి. గింజ ఆరు మిల్లీమీటర్లుంటుందేమో. తాహితీ ముత్యాలు ఎనిమిదికి లోపు దొరకడమే అరుదు. ఒక గింజని గోటితో పక్కకి జరిపి రంధ్రం చూశాను. అంచు చుట్టూ రంగు ముద్దగా పేరుకుని ఉంది. చెరువుల్లో పండే మంచినీటి ముత్యాలకి రంగేసినవే. తెలుపు, లేత నారింజ, ఊదా మంచినీటి ముత్యాలకి పుట్టుకతో వచ్చే రంగులు. నలుపు వాటికి రాదు. ఏమీ అనకుండా లేచొచ్చేశాం.

రెండో కొట్లో పెద్దాయన. తెల్లటి గుడ్డ పరిచి, అమ్మ దండ దాని మీద పోసుకుని, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా "చైనావమ్మా ఇవి. చావల్ అంటం" అన్నారు.

"బస్రా కాదా బాబూ?"

"ఎంతకు తెచ్చిన్రు?"

"మూడొందల యాభై."

ఆయన నవ్వు ఆపుకున్నారు. "ఆ పైసలకు బస్రా ముత్యం ఒక్క గింజ గూడ రాదమ్మా. కానీ మీ సారు మోసపోలే. చావల్‌కు అప్పట్ల అది మంచి ధరనే."

గింజలు నిజంగానే బియ్యంలా ఉన్నాయి, కోలగా, సన్నటి ముడతలతో. డెబ్బైలు, ఎనభైల్లో చైనా నుంచి ఇలాంటివి కుప్పలుగా వచ్చాయి. అంతకుముందు ఈ బజారుకి పర్షియన్ గల్ఫ్‌లో సముద్రం అడుగున ఏరినవి వచ్చేవి. 1930ల్లో జపాన్ కల్చర్డ్ ముత్యాలు, అంటే ఆల్చిప్పల్లో మనుషులు పెంచినవి, వచ్చాక ఆ వ్యాపారం కుదేలైంది. ముత్యానికి రంధ్రం వేసే చేతులు, గుచ్చే చేతులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు వాటి ముందుకొచ్చే సరుకులో ఎక్కువభాగం చైనాలోని చెరువుల్లో పండిందే.

"ఇంత గుడ్డిగెట్లయినయి?" అనడిగారు పెద్దాయన.

"ఏడాదికోసారి కుంకుడు రసంలో కడుగుతాను" అంది అమ్మ, మెచ్చుకుంటారన్నట్టు.

ఆయన నుదురు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. బంగారానికి సరిపోయింది ముత్యానికి పనికిరాదట. చెమట, సెంటు, నిమ్మపులుపు ఏది తగిలినా పొర తినేస్తుంది, తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడవడమే. ముస్తాబంతా అయ్యాక చివర్లో వేసుకుని, ఇంటికొచ్చాక అన్నిటికంటే ముందు తీసెయ్యాలి.

ఇక కొత్త వరస. నేను చెయ్యి పెట్టింది తొమ్మిది మిల్లీమీటర్ల వాటి మీదే. వరస నాలుగు వేలన్నారు. పక్కనే ఏడు మిల్లీమీటర్లవి ఆరున్నర వేలు. చిన్నవాటికి ఎక్కువేమిటి? ఆయన రెండు వరసల్నీ ట్యూబ్‌లైట్ కిందికి జరిపారు. పెద్ద గింజ మీద వెలుగు పాలు ఒలికినట్టు చెదిరిపోయింది. చిన్నదాని మీద ట్యూబ్‌లైట్ గీసినట్టు నిలబడింది. ఇంకా వంగితే నా తలకాయ కూడా నల్లటి చుక్కలా కనిపించింది. "ముఖం కనబడాలె ముత్యంల. సైజు తర్వాత" అన్నారు.

తర్వాత వరసల్ని గుడ్డ మీద దొర్లించారు. ఒకటి నున్నగా వెళ్లింది, ఇంకొకటి కుంటుకుంటూ. సముద్రపు కల్చర్డ్ ముత్యంలో లోపల గుండ్రటి పూస పెడతారు కాబట్టి గుండ్రదనం సులువు. మంచినీటి ఆల్చిప్పలో మామూలుగా పూస ఉండదు. ఇంకో ఆల్చిప్ప నుంచి కోసిన కణజాలం ముక్కలు, ఒక్కోదాంట్లో పాతిక ముప్ఫై, నాటి ఏళ్ల తరబడి వదిలేస్తారు. అందుకే లోపలిదాకా పొర మీద పొరే. అందుకే అచ్చంగా గుండ్రటిది రావడమూ అరుదు. వచ్చినవాటిలో మళ్లీ రంగుకి రంగు, సైజుకి సైజు జోడు కుదిరితేనే ఒక దండ. ఆరున్నర వేలు ఎక్కడికి పోయాయో నాకప్పుడు అర్థమైంది. పెట్టె మీద నాణ్యతకి గుర్తుగా ఎన్ని 'ఏ'లు (A) ఉన్నాయో మాత్రం చూడకండి. ట్రిపుల్ ఏ అనేదానికి అందరికీ ఒకే కొలతంటూ లేదు, ఎవరి కొట్టుకి వాళ్లే మార్కులేసుకుంటారు.

ఆరు వేలకి తెగింది. బేరం అమ్మదే.

కొట్టు బయట అరుగు మీద పాతదండ గుచ్చే కుర్రాడు కూర్చున్నాడు. దారం చివర కాలి బొటనవేలికి చుట్టుకుని గింజ ఎక్కించడం, ముడి, సూదిమొనతో ఆ ముడిని గింజకి ఆనించడం, మళ్లీ గింజ. గింజకో ముడి పడితే ఒకదాన్నొకటి ఒరుసుకోవు, తెగినా ఒక్కటే జారుతుంది. ముడులతో పొడవు పెరిగి చివరికి మూడు గింజలు మిగిలాయి. కాగితంలో పొట్లం కట్టి అమ్మ చేతిలో పెట్టాడు.

రాత్రి రైలు కాజీపేట దాటాక నాన్న ఫోన్ చేశారు. "నా బస్రాలు ఎలా ఉన్నాయి?"

అమ్మ నా వైపు ఒకసారి చూసింది.

"బాగున్నాయి" అంది. "మూడు మిగిలాయి కూడా."