వైడాల్ కాగితంతో పడ్డ తిప్పలు

తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది, ఇంజెక్షన్ల కోర్సు నిన్నటితో అయిపోయింది. మందులు, పథ్యం అన్నీ సజావుగానే సాగాయి. నానా అగచాట్లూ పడింది టెస్టు దగ్గరే.

జ్వరం వచ్చిన రెండో రోజే తిరుపతిలో ఒక ల్యాబు వాళ్లు టైఫాయిడ్‌కు చేసే వైడాల్ అనే రక్తపరీక్ష చేసి, "ఓ 1:80, హెచ్ 1:160, పాజిటివ్" అని ఎర్ర సిరాతో గీసిచ్చారు. వైడాల్ చూసేది క్రిమిని కాదు, దానితో పోరాడటానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. ఓ, హెచ్ అనేవి వాటిలో రెండు రకాలు, పక్కనున్న అంకెలు అవి ఎంత ఉన్నాయో చెబుతాయి. అవి పెరగడానికి వారం దాకా పడుతుంది. పైగా ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్ల, వేరే జ్వరాల వల్ల కూడా ఈపాటి అంకెలు కనిపిస్తాయి. బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని సీసాలో పోసి క్రిమిని పెంచి చూసే పరీక్ష, చేయమన్నందుకు కౌంటర్లో మనిషి అందరి ముందూ, "సదువుకున్నోళ్లం మేమా, నువ్వా? కల్చర్ వచ్చేదాకా పిల్లోడు జొరంతో పడుండాల్నా?" అన్నాడు. అమ్మ తలదించుకుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పడుండమని ఎవరన్నారు? రక్తం తీసిన మరుక్షణమే మందు మొదలుపెట్టొచ్చు. ముందే యాంటీబయాటిక్ పడితే మాత్రం సీసాలో ఏమీ పెరగకపోవచ్చు.

ఇంకో చోటికి పోయాం. అక్కడ 2 మి.లీ. తీసి సూది బయటికి లాగబోయారు. ఆపించాను. ఈ క్రిములు రక్తంలో చాలా పలచగా ఉంటాయి, ఒక్కో మి.లీ.కి ఒకటి కూడా దొరకదు. పెద్దవాళ్లకైతే సీసాకు 8 నుంచి 10 మి.లీ. పడాలి. రక్తం ఇచ్చిన మూడో రోజు రిపోర్టులో సాల్మొనెల్లా టైఫీ (టైఫాయిడ్ క్రిమి) అనీ, దానికి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదనీ, సెఫ్‌ట్రియాక్సోన్ అనేది పనిచేస్తుందనీ వచ్చింది. ఏ మందు పనిచేస్తుందనే ఆ చివరి ముక్క వైడాల్ ఎన్నిసార్లు చేసినా చెప్పదు. అయితే కల్చర్ కూడా చాలా కేసుల్ని పట్టుకోలేదు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ కాదనుకోకండి.

సరైన మందు పడ్డా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మందు మారుద్దామని డాక్టర్ని తొందరపెట్టకండి, తగ్గిందని కోర్సు మధ్యలో ఆపకండి. జబ్బు మొదలైన రెండో, మూడో వారంలో ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తే పేగుకు చిల్లు పడి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

జ్వరం రాగానే ఇంట్లో అందరూ ముందురోజు తిన్న పానీపూరీని తిట్టారు. కానీ అది కాదు. క్రిమి కడుపులో పడ్డాక జ్వరం రావడానికి మామూలుగా ఒకటి రెండు వారాలు పడుతుంది. రోగి మలం నుంచి నీళ్లలోకి, చేతుల మీదుగా తిండిలోకి చేరుతుంది. మా సంపు మూత పగిలి ఉంది, పక్కనే మరుగుదొడ్డి గుంత. సంపు కడిగించి మూత మార్చాం, తాగే నీళ్లు మరగబెడుతున్నాం.

ఇప్పుడు చుట్టాలు "పూర్తిగా పోయిందో లేదో మళ్లీ వైడాల్ చేయించు" అంటున్నారు. చేయించను. జబ్బు నయమైనా ఆ అంకెలు నెలల తరబడి అలాగే ఉంటాయి.